మెత్త చెక్క, గట్టి వాదన: ఎలక్ట్రిక్ గిటారు నాదంలో కొయ్య వాటా ఎంత?

కొయ్య గురించి నాయుడుపేట వైపు వాళ్ళకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. పడమటికి వెళ్తే శేషాచలం, వెలికొండల్లో నీళ్ళలో వేస్తే మునిగేంత బరువైన ఎర్రచందనం ఉంది. ఏర్పేడు మండలం మాధవమాలలో తరాలుగా దేవతామూర్తులు చెక్కే కుటుంబాలున్నాయి. తూర్పున తీరం పొడవునా సరుగుడు తోటలు. ఏ చెక్క ఉలికి లొంగుతుంది, ఏది చేవ దేరింది, ఏది కార్తీకం వానలకు ఉబ్బి తలుపు పట్టేస్తుంది అన్నది ఇక్కడి వడ్రంగికి నోటిలెక్క.

ఇవే ఊళ్ళలో చర్చి బృందాల్లోనూ పెళ్ళి ఆర్కెస్ట్రాల్లోనూ ఎలక్ట్రిక్ గిటారు ఇప్పుడు మామూలు వాద్యం. అది కొనడానికి ఎక్కువమంది ఎక్కేది చెన్నై బస్సే. దుకాణంలో బేరం మొదలవగానే ఒక ప్రశ్న ఎదురవుతుంది: బాడీ ఏ చెక్క? బాస్‌వుడ్ అనో పైన్ అనో తేలితే పెదవి విరుపు, మహాగని అంటే తల ఊపు. మెత్త చెక్కతో చేసిన గిటారుకు టోన్ ఉండదన్నది బజారులో పాతుకుపోయిన మాట. అందులో నిజమెంత అన్న తగువుకు డెబ్భై ఏళ్ళు దాటాయి. వాద్యకారులు, తయారీదారులు, భౌతికశాస్త్రజ్ఞులు, వ్యాపారులు తలో చెయ్యి వేయడంతో అది బాగా చిక్కుపడింది. పోగు పోగుగా విడదీసి చూడాల్సిన సమయం ఇది.

ముందు, మెత్తది అంటే ఏది?

వృక్షశాస్త్రం లెక్కలో సూదాకుల చెట్లది మెత్త చెక్క, వెడల్పాకుల చెట్లది గట్టి చెక్క. పైన్, స్ప్రూస్, సీడార్ మొదటి వర్గం. పెట్టెలకు వాడే దేవదారు చెక్క అని మన బజారులో పిలిచేది ఈ జాతే. గోటితో నొక్కితే సొట్టపడే బాల్సా, కొండపల్లి బొమ్మలు చెక్కే పునికి మాత్రం శాస్త్రం ప్రకారం గట్టి చెక్కలే. అందుకే గిటారు విషయంలో ఈ విభజన పెద్దగా పనికిరాదు. బాస్‌వుడ్, పాప్లర్ కూడా వృక్షశాస్త్రంలో గట్టివే, చేతికి మాత్రం మెత్తన. దుకాణదారు మెత్త బాడీ అన్నప్పుడు పైన్‌తో పాటు వీటినీ కలిపే అంటాడు. ఇక్కడా ఆ అర్థంలోనే వాడుకుందాం.

అంకెల్లో చూస్తే తేడా తెలుస్తుంది. ఎండిన వైట్ పైన్ ఘనపు మీటరు సుమారు 400 కిలోలు తూగుతుంది. బాస్‌వుడ్ దానికి కాస్త అటూఇటూ. ఆల్డర్ 450 దాకా, మహాగని 600 దగ్గర, గట్టి మేపుల్ 700 దగ్గర, మన జిట్టేగి 800 పైన. ఎర్రచందనం వెయ్యి దాటుతుంది.

బరువు ఒక్కటే లక్షణం కాదు, బిగువు ఇంకొకటి. స్ప్రూస్ తేలిక చెక్కే, కానీ దాని బరువుతో పోలిస్తే పీచు వెంట బిగువు చాలా ఎక్కువ. అందులో శబ్దం సెకనుకు 5,000 మీటర్లకు మించిన వేగంతో పరుగెడుతుంది. వయొలిన్ పైపలక, మంచి అకూస్టిక్ గిటారు పైపలక శతాబ్దాలుగా ఈ మెత్త చెక్కతోనే చేస్తున్నారు. మెత్తదైతే నాదం చచ్చిపోతుందన్న మాట తొలి మెట్టు మీదే తడబడుతుంది.

పైన్ దుంగతో మొదలైన చరిత్ర

ఎలక్ట్రిక్ గిటారు పుట్టుకలోనే మెత్త చెక్క ఉందన్న సంగతి ఈ తగువులో తరచూ మరుగున పడుతుంది. 1940 ప్రాంతంలో గిటారిస్టు లెస్ పాల్ నాలుగంగుళాల చదరపు పైన్ దుంగ తీసుకుని దానికి మెడ, తీగలు, తీగ కదలికను విద్యుత్తుగా మార్చే పికప్‌లు బిగించాడు. చూడటానికి గిటారులా ఉండాలని ఒక ఎపిఫోన్ గిటారును రెండుగా కోసి ఆ ముక్కలను రెక్కల్లా అతికించాడు. తీగ మోత ఎక్కువసేపు నిలవాలి, పెట్టె మారుమోగి హోరెత్తకూడదు అన్నదే అతని తాపత్రయం. చెక్క జాతి అతనికి ముఖ్యం కాలేదు. బరువుగా, కదలకుండా ఉంటే చాలనుకున్నాడు.

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే లియో ఫెండర్ 1949లో తయారుచేసిన నమూనా గిటారు బాడీ కూడా పైన్. 1950లో వచ్చిన తొలి ఎస్క్వయర్‌లలో పైన్ బాడీకి నల్లరంగు వేసినవి ఉన్నాయి. వెంటనే ఆయన యాష్‌కు మారాడు. 1956 నుంచి ఆల్డర్ ప్రధానమైంది. ఈ మార్పులకు దొరకడం, ధర, రంగు పట్టే తీరు, సొట్టపడకపోవడం వంటి కార్ఖానా కారణాలున్నాయి. ఆ తర్వాత యాభై, అరవై దశకాల రికార్డులు ప్రపంచాన్ని ఊపేసరికి యాష్, ఆల్డర్ అనే పేర్లు ఆ నాదానికే పర్యాయపదాలయ్యాయి. గిబ్సన్ 1952లో లెస్ పాల్ పేరుతో తెచ్చిన గిటారుకు మహాగని బాడీ, పైన మేపుల్ పలక. ఆ రెండు కంపెనీల ఎంపికలే తరువాతి తరాలకు శాస్త్రమై కూర్చున్నాయి.

ఆ శాస్త్రానికి లొంగని గిటార్లూ అప్పటినుంచే ఉన్నాయి. డానెలెక్ట్రో కంపెనీ మెత్త చెక్క చట్రానికి పైనా కిందా మేసొనైట్ అట్టలు అంటించి చవక గిటార్లు అమ్మింది. వాటిని జిమ్మీ పేజ్ వేదిక మీద వాయించాడు. క్వీన్ బృందపు బ్రయన్ మే, అతని తండ్రి 1963లో ఇంట్లో మొదలుపెట్టిన రెడ్ స్పెషల్ గిటారు మెడకు పాత పొయ్యిగూడు మహాగని చెక్క, బాడీకి పాత ఓక్ బల్ల, చెక్క ముక్కలు అతికించి చేసే బ్లాక్ బోర్డు (blockboard) వాడారు. ఆంపెగ్ 1969లో పారదర్శక ప్లాస్టిక్ బాడీ తెచ్చింది. స్టైన్‌బర్గర్ చెక్కే లేకుండా మిశ్రమ పదార్థాలతో పోతపోసింది. 1993లో వచ్చిన పార్కర్ ఫ్లై మెత్త చెక్కను పలచగా చెక్కి దాని మీద కార్బన్ పీచు పొర తొడిగింది. వీటిలో ఏదీ గిటారులా మోగలేదని ఎవరూ అనలేదు.

మన వైపు: పనస వీణ నుంచి ఎలక్ట్రిక్ మాండొలిన్ దాకా

తెలుగు నేల మీద ఈ ప్రశ్నకు రెండు కొసలూ ఉన్నాయి. ఒక కొసన బొబ్బిలి వీణ. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవారు పనస మాను ఏకాండంగా తొలిచి చేసే ఆ వీణకు భౌగోళిక గుర్తింపు ఉంది. అక్కడ చెక్క ఎంపిక ఆచారం మాత్రమే కాదు. తీగ కదలిక గుర్రం మీదుగా పైపలకకు చేరి, పలక గాలిని కదిపితేనే మనకు వినపడేది. కుండ మందం, పలక పలచన, మాను వయసు, ఎండిన తీరు అన్నీ చెవికి తగులుతాయి. వీణలో చెక్కే స్పీకరు. మైసూరువారు వీణకు జిట్టేగి జాతి చెక్కను ఇష్టపడతారు, తంజావూరువారు పనసనే. ఆ తేడా వినపడుతుందనే వాదనకు వీణ విషయంలో గట్టి పునాదే ఉంది.

రెండో కొసన పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్. నాలుగు జంటలుగా ఎనిమిది తీగలున్న మామూలు మాండొలిన్ మీద మోత క్షణాల్లో ఆరిపోతుంది. కర్ణాటక సంగీతంలో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే గమకం పలకాలంటే, జారినంతసేపూ నాదం బతికి ఉండాలి. పాట పాడి వినిపిస్తూ నేర్పిన గురువు రుద్రరాజు సుబ్బరాజు మాండొలిన్ వాయించేవారు కాదు. గాత్రంలో విన్నదాన్ని తీగ మీదికి తెచ్చే భారమంతా పిల్లవాడిదే. శ్రీనివాస్ ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండొలిన్ చేపట్టాడు, తర్వాత అయిదో తీగ చేర్చాడు. 1978లో గుడివాడలో తొలి కచేరీ నాటికి వయసు తొమ్మిదేళ్ళు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం.

ఆ వాద్యంలో బాడీ చేసే పని వీణ కుండ చేసే పనికి సరిగ్గా వ్యతిరేకం. అది శబ్దాన్ని వెదజల్లకూడదు. వెదజల్లితే తీగ శక్తి గాలిలోకి పోయి మోత త్వరగా ఆరుతుంది. లెస్ పాల్ పైన్ దుంగతో వెతికినదీ, శ్రీనివాస్ గమకం కోసం కోరుకున్నదీ ఒకటే: తీగను దాని మానాన వదిలేసే బాడీ. విమర్శకులు ఆయన వేళ్ళ గురించి, పికప్ గురించి, యాంప్ గురించి పుంఖానుపుంఖాలుగా రాశారు. బాడీ ఏ చెక్కదన్నది రసికుల చర్చలోకి ఎప్పుడూ గట్టిగా రాలేదు. అందులో ఆశ్చర్యపడాల్సింది లేదు.

మధ్యలో ఇంకో రకం ఉంది. నేటి వీణ కచేరీల్లో చాలావాటిలో పలకకు అతికించిన మైకు ఉంటుంది. అది తీగను కాదు, పలక కంపనాన్నే పట్టుకుంటుంది. కాబట్టి అక్కడ చెక్క ఇంకా మాట్లాడుతూనే ఉంది. తీగ కింద అయస్కాంతపు పికప్ పెడితే లెక్క మారిపోతుంది. అందరూ ఒకే గాటన కట్టి ఎలక్ట్రిక్ అంటున్న వాద్యాల్లో ఈ తేడా గుర్తించకపోవడం వల్లే సగం తగువు పుడుతోంది.

చెక్క పక్షం

చెక్కే టోన్ అనేవారి వాదన మొండిది కాదు. తీగ గాలిలో వేలాడదు, ఒక కొసన నట్, మరో కొసన బ్రిడ్జి మీద ఆని ఉంటుంది. ఆ ఆధారాలు కదిలితే తీగ కదలిక మారుతుంది. పికప్ చదివేది తీగ కదలికనే కాబట్టి, ఆ మార్పు యాంప్ దాకా చేరి తీరాలి. మెత్త చెక్క పై స్థాయి సన్నని ధ్వనులను మింగేస్తుందని, అందుకే బాస్‌వుడ్ గుండ్రంగా, పైన్ వెచ్చగా, మేపుల్ పదునుగా పలుకుతాయని వీరంటారు. అమెరికా తయారీదారు పాల్ రీడ్ స్మిత్ వంటివారు దీన్ని బహిరంగంగా, గట్టిగా సమర్థిస్తారు. ప్లగ్ పెట్టకుండా ఒళ్ళో పెట్టుకుని మీటినప్పుడే రెండు గిటార్ల మధ్య తేడా తెలిసిపోతుందన్నది వాద్యకారుల అనుభవం. బాడీ మీద వేలితో తడితే యాంప్‌లో ఆ చప్పుడు వినిపిస్తుంది కదా అన్నది వీరి ఇష్టమైన రుజువు.

ఆ చివరి రుజువు కనిపించేంత బలమైనది కాదు. తడితే వినపడే చప్పుడులో తీగలు కదిలినందువల్ల వచ్చేది కొంత. పికప్ చుట్ట మైనంలో సరిగా ముంచకపోతే రాగితీగ చుట్లు వదులుగా కదిలి మైకులా పనిచేయడం వల్ల వచ్చేది కొంత. రెండూ తీగ మోత ముందు చాలా చిన్నవి.

తీగ పక్షం

ఎదుటి పక్షం పికప్ దగ్గర మొదలుపెడుతుంది. అయస్కాంతం, దాని చుట్టూ కొన్ని వేల చుట్ల సన్నని రాగితీగ. ఉక్కు తీగ అయస్కాంత క్షేత్రంలో కదిలితే చుట్టలో విద్యుత్తు పుడుతుంది. చెక్క అయస్కాంతాన్ని కదపదు కాబట్టి చెక్క శబ్దం పికప్‌కు నేరుగా వినపడే దారే లేదు. కదలికకు ఎదురయ్యే ఆటంకంలో తీగకు, బాడీకి మధ్య తేడా వందల నుంచి వేల రెట్లు ఉంటుంది. కొన్ని గ్రాముల తీగ రెండు కిలోల బాడీని కదపడం దాదాపు లేనట్టే. పైగా పికప్ చుట్ట, వాల్యూం నాబు, కేబులు కలిసి 2 నుంచి 6 కిలోహెర్ట్జ్ మధ్య ఎక్కడో ఒక చోట శిఖరం ఏర్పరుస్తాయి. టోన్‌కు అసలు ముద్ర అదే. పికప్‌ను తీగకు ఒక మిల్లీమీటరు దగ్గరగా జరిపినా, పాతబడిన తీగలు మార్చినా, స్పీకరు మార్చినా వచ్చే తేడా మామూలు చెవికే పట్టుబడుతుంది.

జర్మనీలోని రీజెన్స్‌బర్గ్‌లో పనిచేసిన మన్‌ఫ్రెడ్ జోల్నర్ ఎలక్ట్రిక్ గిటారు భౌతికశాస్త్రం మీద రాసిన బృహద్గ్రంథం ఈ పక్షానికి పెద్ద దన్ను. గట్టి బాడీ గిటారులో చెక్క జాతి ప్రభావం ఉందో లేదో అన్నంత స్వల్పమన్నది అందులోని ధోరణి. సామాన్య శ్రోతను కుదిపింది మాత్రం నాష్‌విల్ గిటారిస్టు జిమ్ లిల్ చేసిన ప్రయోగం. రెండు పనిబల్లల మధ్య తీగలు బిగించి, కింద పికప్ పెట్టి, అసలు బాడీయే లేకుండా వాయించి, దాన్ని మంచి టెలీకాస్టర్ తరహా గిటారు పక్కన వినిపించాడు. విన్నవారిలో చాలామందికి తేడా చిక్కలేదు. అది పరిశోధన పత్రం కాదు, ఒక మనిషి, ఒక గది, కొన్ని గంటల రికార్డింగు. అయినా ఎన్నో పత్రాలు చేయలేని పని అది చేసింది.

కొలిచినవారు చూసిందేమిటి

రెండు పక్షాలూ చెప్పని ముక్క ఒకటి కొలతల్లో బయటపడింది: అసలు కథ బాడీలో కంటే మెడలో ఉంది.

మ్యూనిక్‌లో హెల్ముట్ ఫ్లైషర్, టిల్మన్ జ్వికర్ 1990ల చివర ఎలక్ట్రిక్ గిటార్లు, బేస్ గిటార్ల కంపనాలను కొలిచారు. ప్రతి వాద్యంలోనూ కొన్ని ఫ్రెట్ల దగ్గర స్వరం మిగతావాటి కంటే త్వరగా చచ్చిపోతుంది. వాద్యకారులు వాటిని డెడ్ స్పాట్లంటారు. బేస్ గిటారు జి తీగ మీద అయిదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్య ఇది బాగా పేరుమోసింది. ఆ చోట మెడ తనకు ఇష్టమైన వేగంతో ఊగుతోందని, మీటిన స్వరం వేగం దానితో కలిసినప్పుడు తీగ శక్తిని మెడ లాగేసుకుంటోందని వారు చూపారు. దూలానికి కట్టిన ఊయల లాంటిది ఇది. దూలం గట్టిగా నిలిస్తే ఊయల చాలాసేపు ఊగుతుంది, దూలమే లయగా కదిలితే ఊయల త్వరగా ఆగిపోతుంది. బ్రిడ్జి వైపు, అంటే బాడీ వైపు, కదలిక చాలా తక్కువగా తేలింది.

దీన్ని ఎవరైనా ఇంట్లో పరీక్షించుకోవచ్చు. బేస్ మీద చచ్చే స్వరాన్ని వెతికి పట్టుకుని, మెడ చివర తలకు ఒక చిన్న క్లాంపు బిగిస్తే ఆ స్వరం తేరుకుంటుంది, పక్క ఫ్రెట్ బలహీనపడుతుంది. తల బరువు మారగానే మెడ ఊపు మారుతుంది. బాడీ చెక్క మాత్రం అదే.

పారిస్‌లో ఆర్థర్ పాటే, జాన్-లొయిక్ ల కారూ, బెనోవా ఫాబ్ర్ ఈ పని ముందుకు తీసుకెళ్ళారు. మెడ మీద ఒక్కో చోట కదలిక సులువెంతో కొలిచి, దాన్నుంచి ఆ స్వరం ఎంతసేపు నిలుస్తుందో ముందే చెప్పవచ్చని 2014లో చూపారు. మరుసటి ఏడు వారి ఇంకో పరిశీలన ఫింగర్‌బోర్డు చెక్క మీద వచ్చింది. ఎబొనీ, రోజ్‌వుడ్ మాత్రమే తేడాగా ఉన్న గిటార్లను వాద్యకారుల చేతికిచ్చి, వాళ్ళు వాడిన మాటలను విశ్లేషించారు. చెక్కను చెవితో మాత్రమే కాక చేతితోనూ వింటారన్న సంగతి అక్కడ ముఖ్యమైంది.

జపాను షామిసెన్ తయారీదారులు మేలిరకం వాద్యపు మెడకు మన శేషాచలం ఎర్రచందనాన్నే కోరుకోవడం ఈ వెలుగులో అర్థవంతంగా కనిపిస్తుంది. అక్కడ దాన్ని కోకి అంటారు. బరువైన, బిగువైన, వంగని చెక్కను వాళ్ళు పెట్టింది మెడలో. పెట్టె పలకకు వాడేది తోలు. అంతరించే ముప్పున్న జాతుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం (సైటీస్) రెండో అనుబంధంలో ఉన్న ఈ చెట్టు కోసం గిటార్లు చేసేవారు ఆశపడాల్సిన పని లేదు. మెడ బిగువు కావాలంటే మేపుల్, లోపల ఉక్కు కడ్డీ చాలు.

చెవి సంగతికొస్తే, కళ్ళకు గంతలు కట్టిన పరీక్షలు చెక్క పక్షాన్ని పెద్దగా కరుణించలేదు. 2018లో బ్రిటన్‌లో సామువేలే కర్కాన్యో బృందం ఆరు అకూస్టిక్ గిటార్లు చేయించింది. పైపలక ఒకే రకం, వెనక పక్క చెక్కలే వేరు: బ్రెజిల్ రోజ్‌వుడ్, ఇండియా రోజ్‌వుడ్, మహాగని, మేపుల్, సపేలి, వాల్‌నట్. 52 మంది గిటారిస్టులు మసక వెలుతురులో, వెల్డింగు కళ్ళద్దాలు పెట్టుకుని వాయించారు. ఖరీదైనదీ చవకదీ అన్న తేడా వారి మార్కుల్లో కనబడలేదు. ఇది పెట్టె మోగే గిటారు, పైగా ఇక్కడ చర్చిస్తున్నది బాడీ ముక్క కాదు, వెనక పలక. అయినా చెక్క మోగే వాద్యంలోనే పరిస్థితి అలా ఉంటే, చెక్క మోగకూడని వాద్యంలో జాతి పేరును పట్టుకుని వేలాడటం కష్టం. క్లాడియా ఫ్రిట్జ్, జోసెఫ్ కర్టిన్ పాత ఇటాలియన్ వయొలిన్ల మీద 2012, 2014లో ప్రచురించిన పరీక్షలు కూడా ఇదే దిక్కును చూపాయి. ఆరితేరిన వాద్యకారులు పాతదేదో కొత్తదేదో గుర్తించలేకపోయారు, కొత్తవాటినే తరచూ ఇష్టపడ్డారు.

పక్కపక్కన పెడితే

తీగ మోత నిలవడం మీద చెక్క పక్షానిది పూర్తి తప్పు కాదు. ఆధారం కదిలితే మోత తగ్గుతుంది, అది కొలవగలిగిన సంగతి. కానీ ఆ కదలికలో మెడది సింహభాగం, బాడీది చిటికెడు. మెత్త బాడీ సన్నని ధ్వనులను మింగేస్తుందన్న మాటకు కొలతల దన్ను బలహీనం. పైన్ బాడీ టెలీకాస్టర్ పదును తక్కువదేమీ కాదు.

తీగ పక్షానిది కూడా ఒక్కోసారి అత్యాశ. పికప్ చెక్కను వినదు కాబట్టి చెక్క ప్రభావం సున్నా అనడం తర్కదోషం. తీగ ద్వారా పరోక్షంగా చేరేది చిన్నదే అయినా సున్నా కాదు. చిన్నదానికీ సున్నాకూ మధ్య ఉన్న చోటే ఈ తగువంతా కాపురం పెట్టింది. వాద్యకారుడి చేతికి, పొట్టకు తగిలే కంపనం అతను మీటే తీరును మార్చవచ్చు, అది తిరిగి నాదాన్ని మార్చవచ్చు. బల్లల మధ్య తీగలు బిగించిన ప్రయోగంలో ఆ వలయం లేదు.

చెక్క జాతి పేరు చూసి టోన్ ఊహించడం అన్నిటికంటే బలహీనమైన పద్ధతి. ఒకే పైన్ మానులో కింది చెక్కకూ పై చెక్కకూ బరువులో తేడా ఉంటుంది. ఒకే దుకాణంలో వేలాడే రెండు బాస్‌వుడ్ గిటార్ల మధ్య తేడా, ఒక బాస్‌వుడ్‌కూ ఒక మహాగనికీ మధ్య తేడా కంటే ఎక్కువ ఉండవచ్చు. బీరువా చేసే వడ్రంగి టేకు అన్న పేరు విని సరిపెట్టుకోడు, మాను చూపించమంటాడు. గిటారు కొనేవాడు మాత్రం చీటీ మీది పేరుతో ఎందుకో తృప్తిపడిపోతాడు.

చెవికి కాక భుజానికి

మెత్త చెక్కకు నిజమైన మంచీ చెడూ వేరేచోట ఉన్నాయి, వాటి గురించి మాత్రం ఎవరూ ఆవేశపడరు. మూడు గంటల ఆరాధనో రాత్రంతా సాగే ఆర్కెస్ట్రానో నిలబడి వాయించేవారికి కిలో బరువు తగ్గడం పెద్ద మేలు. కానీ పైన్ మీద గోరు గుచ్చుకున్నా గుర్తు పడుతుంది. మెడను బాడీకి బిగించే నాలుగు స్క్రూలు ఒకటికి నాలుగుసార్లు ఊడదీసి బిగిస్తే మెత్త చెక్కలో రంధ్రం వదులైపోతుంది. ఊపే బ్రిడ్జికి ఆధారమైన రెండు బోల్టులు తీగల లాగుడుకు మెల్లగా ముందుకు ఒరుగుతాయి. మామూలు తీగల సెట్టు ఆరు కలిపి దాదాపు 45 కిలోల బలంతో లాగుతుంది. మెడ వదులైన గిటారుకు మోత తగ్గుతుంది. ఆ నింద చెక్క టోన్ మీద పడుతుంది, నిజానికి అది స్క్రూ రంధ్రం తప్పు.

స్వర్ణముఖి ఒడ్డున ఉండే తేమ ఇంకో సంగతి. మేలో పొడి ఎండ, నవంబరులో వాయుగుండాలు. సరిగా ఎండని పైన్‌లో జిగురు కారుతుంది, రంగు కింద బుడగలు లేస్తాయి. బట్టీలో బాగా కాల్చి ఎండబెట్టిన పైన్ ఈ బాధ చాలావరకు తప్పిస్తుంది. ఫెండర్ 2020లో తెచ్చిన కొన్ని గిటార్లకు అలా కాల్చిన పైన్ బాడీ వాడింది. అదే ఏడాది ఆ సంస్థ మామూలు ఉత్పత్తిలో యాష్ వాడకం మానేస్తున్నట్టు ప్రకటించింది. మిసిసిపీ వరదలు, యాష్ చెట్లను తొలిచే పురుగు దానికి కారణాలు. 1950లో చెక్క మార్చింది సరుకు లెక్కలు, 2020లో తిరిగి పైన్ వైపు నెట్టిందీ సరుకు లెక్కలే. టోన్ వివరణలు రెండుసార్లూ వెనక నుంచి వచ్చి చేరాయి.

గట్టి చెక్కకు చట్టపు చిక్కులూ తోడయ్యాయి. 2009లో, 2011లో అమెరికా అధికారులు గిబ్సన్ కార్ఖానాల మీద దాడి చేశారు. రెండోసారి గొడవ ఇండియా నుంచి వెళ్ళిన రోజ్‌వుడ్, ఎబొనీ ఫింగర్‌బోర్డు చెక్కల గురించి. 2012లో కంపెనీ 3 లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. 2017 నుంచి రోజ్‌వుడ్ జాతులన్నీ అంతర్జాతీయ నియంత్రణలోకి వచ్చాయి. తయారైన వాద్యాలకు 2019లో మినహాయింపు దొరికింది. ఈ ఒత్తిళ్ళలో తోటల్లో త్వరగా పెరిగే మెత్త చెక్క మీద చిన్నచూపు ఎంతకాలం నిలుస్తుందన్నది వేరే ప్రశ్న.

తేలనివి

మొదటిది, పెద్ద శబ్దంలో ఏమవుతుంది? స్పీకరు హోరు గిటారును తిరిగి కదిపినప్పుడు తేలిక బాడీ ఎక్కువ కదులుతుంది. ఆ వలయంలో చెక్క బరువు, బిగువు ఎంత లెక్కకు వస్తాయన్నది నిశ్శబ్ద ప్రయోగశాల కొలతలు చెప్పవు.

రెండోది, లోపల గుల్ల చేసిన బాడీలు. బరువు తగ్గించడానికి లోపల తొలిచి పైన పలచటి పలక వేసిన గిటార్లు గట్టి బాడీకీ వీణకూ మధ్య రకం. ఇక్కడ మెత్త పైపలక నిజంగా మోగవచ్చు. గట్టి బాడీ మీద వచ్చిన ఫలితాలను వీటికి అంటగట్టడం తప్పు.

మూడోది పరీక్ష పద్ధతే. చాలా పోలికల్లో చెక్కతో పాటు మెడ, పికప్, తీగలు కూడా మారిపోతాయి. న్యాయమైన పరీక్ష తిరుపతి పరిసరాల్లోనే పెట్టవచ్చు, ఖర్చూ పెద్దది కాదు. ఒకే కొలతకు చెక్కిన నాలుగు బాడీలు: పునికి, పైన్, పనస, టేకు. అన్నిటికీ ఒకే మెడ, అవే నాలుగు స్క్రూలు, టార్క్ చూసి ఒకే బిగువు. పికప్‌ను బాడీకి కాక బయటి స్టాండుకు బిగించి, తీగకు దాని దూరం గేజితో సరిచూడాలి. మీటేది చెయ్యి కాదు, గిటారు తీగకు సన్నని రాగితీగ తగిలించి, అది తెగే వరకు లాగే పద్ధతి, అప్పుడే ప్రతి మీటూ ఒకే బలంతో వస్తుంది. నాలుగు బాడీలనూ ముందు ఒకే గదిలో నెల రోజులు ఉంచి తేమ సమం చేయాలి. ఆ రికార్డింగులను శ్రీ వేంకటేశ్వర సంగీత, నృత్య కళాశాల వీణ విద్యార్థులకు ఒకసారి, ఊళ్ళలోని గిటారిస్టులకు ఒకసారి, పేర్లు చెప్పకుండా, వరుస మార్చి వినిపించాలి. పనస పేరు వినగానే ఎటు మొగ్గాలో తెలిసిన చెవులు అవి, అందుకే పేరు దాచడం అక్కడ మరీ ముఖ్యం. ఆ తర్వాత అదే నాలుగింటిని వాళ్ళ చేతికే ఇచ్చి, పికప్‌ను బాడీకి బిగించి, మళ్ళీ మార్కులు వేయమనాలి. రెండు విడతల మార్కుల మధ్య ఎంత తేడా వస్తే, అంత మేరకు ప్రశ్న చెవి నుంచి చేతికి మారుతుంది.